పులుసు కుండలో దుంపల చరిత్ర

ఖమ్మం నుండి కొత్తగూడెం మీదుగా భద్రాచలం పోయే దారిలో ఏ ఊరిలోనైనా సరే, ఇంట్లో కూరగాయలు నిండుకున్న నాడు ఏమి వండుతారని అడిగి చూడండి. నాలుగు ఆలుగడ్డలు, ఒక ఉల్లిగడ్డ, నిమ్మకాయంత చింతపండు, ఉప్పు, కారం, పసుపు ఉంటే పులుసు అయినట్లే. సంత జరగని వారమైనా, ముసురు పట్టిన రోజైనా, చెప్పకుండా చుట్టం వచ్చినా ఆదుకొనే వంటకం ఇది. అరగంటలో పొయ్యి మీద నుండి దిగుతుంది. ఇంత సామాన్యమైన వంటకానికి చరిత్ర ఏముంటుందని అనిపించవచ్చును. ఐతే ఈ కుండలోని వస్తువులను ఒక్కొక్కటిగా బయటికి తీసి "నీది ఏ ఊరు?" అని అడిగితే వింతైన సమాధానాలు వస్తాయి.

చింతచెట్టు ఆఫ్రికా ఖండం నుండి అతి ప్రాచీనకాలంలోనే వచ్చి మన నేలలో స్థిరపడినది. అరబ్బు వర్తకులు దాని పండును 'హిందూదేశపు ఖర్జూరం' అన్నారు. ఆ అరబ్బీ పేరే పాశ్చాత్య భాషలకు కూడా పాకినది. ఉల్లిగడ్డ పుట్టినిల్లు మధ్య ఆసియా. మిరపకాయ అమెరికా ఖండానికి చెందినది. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడల మీద మన పడమటి తీరానికి చేరినది. నేడు ఖమ్మం మిర్చి మార్కెట్టు దేశమంతటా పేరు పొందినది. కాని ఐదువందల ఏండ్ల క్రిందట ఖమ్మంమెట్టు కోట నీడలో బ్రదికినవారు మిరపకాయను ఎరుగరు. వారి పులుసుకు కారం ఇచ్చినవి మిరియాలు. కొత్తగా వచ్చిన కాయకు పాత మిరియం పేరే అతికి 'మిరప' అయినది. ఇక ఆలుగడ్డ కూడా అమెరికా నుండి వచ్చిన అతిథే. కుండలో అచ్చంగా మనదని చెప్పదగినది పసుపు.

మరి ఆలుగడ్డ రాకముందు ఈ అడవి సరిహద్దు ప్రజలకు దుంప వండుకొనడం తెలియదా? బాగా తెలుసును. ఆ పాత దుంపల కథ తెలిస్తేనే ఈ కొత్త దుంప మనకు ఇంత సులభంగా ఎందుకు లొంగినదో అర్థమవుతుంది.

పేరు చెప్పే సాక్ష్యం

చరిత్రకారునికి రాతి శాసనం ఎలాంటిదో, వృక్షాల చరిత్ర వెదికేవారికి వాటి పేర్లు అలాంటివి. మన భాషలో ఈ దుంపకు మూడు పేర్లు ఉన్నవి. కోస్తా జిల్లాలలో ఇది బంగాళాదుంప. వంగదేశం వైపు నుండి వచ్చిన దుంప అని ఆ పేరే చెబుతున్నది. రాయలసీమలో ఉర్లగడ్డ. ఉరలడం అంటే దొర్లడం. గుండ్రంగా ఉండి దొర్లిపోయే గడ్డ అని అర్థం. తమిళుల పేరు కూడా ఇదే భావంతో ఏర్పడినది. తెలంగాణంలో ఆలుగడ్డ.

ఈ మూడవ పేరు చాలా ఆసక్తికరమైనది. 'ఆలు', 'ఆలుకం' అనే మాటలు సంస్కృతంలో ఆలుగడ్డ మన దేశానికి రాకముందే ఉన్నవి. కంద వంటి తినదగిన దుంపలను ఆ మాటలతో పిలిచేవారు. సముద్రం దాటి కొత్త దుంప వచ్చినప్పుడు ఉత్తరదేశంలో ఈ పాత పేరును దానికి ఇచ్చివేశారు. ఆ పేరు దక్షిణానికి నడిచివచ్చి 'గడ్డ'తో కలిసి 'ఆలుగడ్డ' అయినది. మిరియం పేరు మిరపకు సంక్రమించినట్లే ఇదీ జరిగినది. పాత దుంపలు తినే అలవాటు లేని దేశమైతే కొత్త దుంపకు పాత పేరు దొరికేదే కాదు.

భద్రాచలం ప్రాంతంలో రెండు పేర్లూ వినబడతాయి. దానికి కారణం రాజకీయ చరిత్రలో ఉన్నది. గోదావరి ఎడమగట్టున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను 1860లో నైజాం ప్రభుత్వం బ్రిటిషువారికి ఇచ్చివేసినది. మొదట మధ్యపరగణాలలో ఉన్న ఆ ప్రాంతం 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినది. కుడిగట్టున ఉన్న పాల్వంచ వైపు భూమి నైజాములోనే ఉండిపోయినది. 1959లో భద్రాచలం తూర్పు గోదావరి జిల్లా నుండి ఖమ్మం జిల్లాకు మారినది. అందుచేత ఒకే సంతలో ఒకరు ఆలుగడ్డ అని, మరొకరు బంగాళాదుంప అని బేరమాడటం ఇక్కడ వింత కాదు.

ఆలుగడ్డకు ముందు

గోదావరి ఇరుగట్లనూ ఉన్న ఈ అడవులు కోయల, కొండరెడ్ల నివాసభూములు. ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1941లో పాపికొండల ప్రాంతపు కొండరెడ్ల మధ్య నివసించి వారి జీవనవిధానాన్ని పరిశీలించాడు. ఆ పరిశీలన 1945లో గ్రంథంగా వెలువడినది. పోడు కొట్టి చల్లుకొనే జొన్నలు, చిరుధాన్యాలతోబాటు అడవి దుంపలు, పండ్లు, జీలుగచెట్టు వారికి ఎంత ముఖ్యమైన ఆధారాలో ఆయన వర్ణించాడు.

పోడు పంట ఏడాది పొడుగునా చాలదు. తొలకరి తరువాత, కొత్త గింజ చేతికి రాకముందు, గాదె ఖాళీ అవుతుంది. ఆ నెలలలో జీలుగచెట్టును నరికి, మాను లోపలి మెత్తని భాగాన్ని దంచి, నీటిలో కడిగి, అడుగుకు దిగిన పిండిని జావ కాచుకొంటారు. వేసవిలో దాచిపెట్టిన మామిడి టెంకలలోని జీడిని పొడి చేసి, దాని వగరు పోయేదాకా నీటిలో కడిగి, అంబలిగా తాగుతారు. వానలు వెనుకబట్టి తీగలు పండబారిన తరువాత దుంపల కాలం వస్తుంది. ఎండిన తీగ ఆనవాలు పట్టుకొని, గునపం వంటి కర్రతో లోతుగా తవ్వి దుంపను తీస్తారు.

ఈ అడవి దుంపలలో చాలా భాగం మన పెండలానికి చుట్టాలు. వృక్షశాస్త్రంలో ఈ ప్రజాతికి డయాస్కోరియా అని పేరు. ఇందులో కొన్నింటికి ఒక్కొక్క ఆకుగానే ఉంటుంది, కొన్నింటికి మూడేసి ఆకులు, కొన్నింటికి ఐదేసి ఆకులు ఒక కాడకు ఉంటాయి. ఈ లెక్క చాలా ముఖ్యమైనది. ఐదాకుల తీగ దుంపను మామూలుగా ఉడికించి తినవచ్చును. మూడాకుల తీగలలో డయాస్కోరియా హిస్పిడా అనే జాతి దుంపను అలా తింటే ప్రాణానికే అపాయం. దానిలో డయాస్కోరిన్ అనే క్షారవిషం ఉన్నది. అది నాడీమండలం మీద పనిచేసి మూర్ఛలు తెప్పిస్తుంది. తీగ మీదనే గాలిలో దుంపలు కాసే మరొక జాతి చేదుగా ఉంటుంది. ఆ చేదు పదార్థాలలో కొన్ని కాలేయాన్ని చెరుపుతాయి.

దుంపలో విషం ఎందుకు ఉండాలి? దుంప అనగా మొక్క తన మరుసటి ఏటి బ్రదుకు కోసం భూమిలో దాచుకొన్న పిండి మూట. పందికొక్కు, ఎలుగుబంటి, అడవిపంది, పురుగు, బూజు – అందరి కన్నూ దాని మీదనే. పారిపోవడానికి కాళ్ళు లేని మొక్కకు రసాయనమే ఆయుధం. కాబట్టి మానవుడు దుంపను ఆహారం చేసుకోవాలంటే మొదట ఆ ఆయుధాన్ని నిర్వీర్యం చేయాలి.

వాగునీటిలో జరిగే శుద్ధి

అడవిబిడ్డలు విషపు దుంపను ఎలా శుద్ధి చేస్తారో చూద్దాం. తొక్క తీసి పలుచని బిళ్ళలుగా తరుగుతారు. వాటిని బుట్టలో పోసి పారే వాగులో ఉంచుతారు. ఒక పూట ఉంచితే చాలదు. రోజుల తరబడి నానాలి. తరువాత నీళ్ళు మార్చి ఉడికిస్తారు. మన అడవులలోనే గాక, ఈ దుంప దొరికే ఆసియా దేశాలన్నింటిలోను అటవీజనులు ఇంచుమించు ఇదే పద్ధతిని కనుగొన్నారు.

ఈ పనిలో ప్రతి మెట్టుకూ శాస్త్రం ఉన్నది. పలుచగా తరిగితే కణాలు చిట్లుతాయి; నీటికి తగిలే వైశాల్యం పెరుగుతుంది. డయాస్కోరిన్ నీటిలో కరిగే పదార్థం కాబట్టి ముక్కలో నుండి నీటిలోకి వ్యాపనం చెందుతుంది. నిలవనీటిలో ఐతే కొంతసేపటికి లోపలి గాఢత, బయటి గాఢత సమానమై ఆ పని ఆగిపోతుంది. పారే నీరు విషాన్ని ఎప్పటికప్పుడు తీసుకొనిపోతుంది గనుక బయట గాఢత పెరగదు, వ్యాపనం ఆగదు. పిండి పదార్థం చల్లని నీటిలో కరగదు. అది ముక్కలోనే ఉండిపోతుంది. ఒకే నీటిలో ఒకటి కరుగుతుంది, మరొకటి కరగదు అన్న సూక్ష్మాన్ని ఆధారం చేసుకొని విషాన్ని వదిలించి ఆహారాన్ని మిగుల్చుకొన్నారు. కళాశాల రసాయనశాలలో మేము విద్యార్థులకు నేర్పే వేర్పాటు పద్ధతులలో ఇదీ ఒకటి. మామిడి జీడిలోని వగరు పోగొట్టడం, జీలుగ పిండిని కడగడం కూడా ఈ సూత్రం మీదనే ఆధారపడినవి.

మైదానపు ఇండ్లలో కూడా దీని ఛాయ కనబడుతుంది. కందగడ్డ తరిగితే చేతులు దురద పెడతాయి. దానిలో కాల్షియం ఆక్సలేటు సూదుల వంటి స్ఫటికాలుగా ఉండి చర్మానికి గుచ్చుకొనడమే దానికి కారణం. అందుకే కందను చింతపండుతో కలిపి ఉడికించే ఆచారం ఏర్పడినది. పులుసుకూ దుంపకూ స్నేహం ఆలుగడ్డతో మొదలు కాలేదు.

ఆండీసు పర్వతాలలో అదే పాఠం

ఇప్పుడు ఆలుగడ్డ పుట్టిన చోటికి పోదాం. దక్షిణ అమెరికాలో ఆండీసు పర్వతశ్రేణి మీద, నేటి పెరూ, బొలీవియా దేశాల సరిహద్దున టిటికాకా సరస్సు ఉన్నది. సముద్రమట్టానికి సుమారు 3,800 మీటర్ల ఎత్తు. ఆ పరిసరాలలో ఏడెనిమిది వేల ఏండ్ల క్రిందటనే ప్రజలు అడవి ఆలుగడ్డను సాగులోకి తెచ్చారు. సాగులో ఉన్న రకాలన్నీ దక్షిణ పెరూ ప్రాంతపు ఒకే మూలం నుండి వచ్చినవని 2005లో జన్యుపరిశోధన చేసిన శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

ఆ అడవి ఆలుగడ్డ మన మార్కెట్టులోని గడ్డ వంటిది కాదు. చిన్నది, చేదైనది, విషపూరితమైనది. ఆలుగడ్డ వంకాయ కుటుంబానికి చెందిన మొక్క. టమాట, మిరప కూడా ఆ కుటుంబానివే. ఈ కుటుంబంలోని అనేక మొక్కలు క్షారవిషాలను తయారుచేస్తాయి. ఆలుగడ్డ చేసే విషాలలో ముఖ్యమైనది సోలనిన్.

ఆండీసు ప్రజలు దానిని జయించిన తీరు గమనించండి. చేదు దుంపలను ఒక విధమైన బంకమట్టితో కలిపి తినేవారు. ఆ మట్టి కణాలు విషాన్ని తమ ఉపరితలానికి పట్టివేసి కడుపులో కరగనీయవు. రెండవ పద్ధతి ఇంకా చమత్కారమైనది. ఆ ఎత్తున రాత్రులు గడ్డకట్టేంత చలి, పగలు తీవ్రమైన ఎండ. దుంపలను రాత్రి ఆరుబయట పరిస్తే లోపలి నీరు మంచై కణాల గోడలు పగులుతాయి. పగలు కరిగినప్పుడు కాళ్ళతో తొక్కితే నీరు, దానితోబాటు చేదు బయటికి పోతాయి. కొన్ని రకాలను పారే నదీజలంలో రోజుల తరబడి నానబెడతారు. ఆ పైన ఎండబెడితే అవి ఏండ్ల తరబడి నిలువ ఉంటాయి. దీనికి చున్యో అని పేరు. చున్యో వేసి కాచే 'చైరో' అనే చారును బొలీవియా, పెరూ పర్వతవాసులు నేటికీ ఇష్టంగా తాగుతారు.

గోదావరి వాగులో బుట్ట ఉంచిన కొండరెడ్డికీ, ఆండీసు నదిలో దుంప నానబెట్టిన రైతుకూ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఐనా ఇద్దరూ పారే నీటినే ఆశ్రయించారు. ఆండీసు రైతులు ఇంకొక అడుగు కూడా వేశారు. ప్రతి ఏటా తక్కువ చేదు ఉన్న దుంపలనే విత్తనంగా ఎంచుకొంటూ, వందల తరాలలో మొక్క స్వభావాన్నే మార్చివేశారు. ఈనాడు మనం ఆలుగడ్డను తొక్క తీసి నేరుగా కుండలో వేయగలుగుతున్నామంటే, దానిని వాగులో నానబెట్టే శ్రమను వేల ఏండ్ల క్రిందట వారు మన తరఫున పూర్తి చేశారన్నమాట.

ఐరోపాలో గంజికేంద్రం

స్పెయిన్ సైనికులు 1530 దశకంలో ఈ దుంపను చూశారు. 1570 ప్రాంతానికి అది స్పెయిన్ చేరినది. మొదట అక్కడివారు దానిని అనుమానించారు. ఫ్రాన్సులో అది రోగాలు తెస్తుందన్న భయంతో 1748లో నిషేధం కూడా విధించారు. ప్రష్యావారికి యుద్ధఖైదీగా చిక్కి, ఆలుగడ్డలు తిని బ్రదికిన ఆంట్వాన్ పార్మెంటియర్ అనే ఔషధశాస్త్రజ్ఞుడు తిరిగివచ్చి దాని మేలును ప్రచారం చేశాడు. 1772లో పారిస్ వైద్యపండితులు అది తినదగినదేనని అంగీకరించారు. ఫ్రెంచివారి ఆలుగడ్డ సూపు ఒకటి నేటికీ పార్మెంటియర్ పేరుతోనే చెలామణి అవుతున్నది.

పాఠశాలలో ఉష్ణశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు కౌంట్ రంఫర్డ్ పేరు పరిచితమే. ఫిరంగి గొట్టాలను తొలిచేటప్పుడు పుట్టే వేడిని పరిశీలించి, ఉష్ణం ఒక ద్రవం కాదని 1798లో వాదించినవాడు ఆయనే. ఆయన మ్యూనిక్ నగరంలో 1790 నుండి బీదలకు అన్నశాల నడుపుతూ చౌకైన సూపును రూపొందించాడు. బార్లీ, ఎండు బఠాణీ, ఆలుగడ్డ, ఉప్పు, వెనిగరు, కొంచెం రొట్టె, తక్కినది నీరు. సన్నని మంట మీద గంటల తరబడి కాస్తే ఆలుగడ్డ కరిగి సూపు చిక్కబడుతుంది. నీరే పోషకంగా మారుతున్నదని రంఫర్డ్ భావించాడు. ఆ ఊహ తరువాత నిలువలేదు. పోషణ పిండిది, పప్పుది. కాని పిండి, పప్పు, పులుపు, ఉప్పు అన్న ఆయన కూర్పును మన పప్పుచారు కాచే ఏ ఇల్లాలైనా వెంటనే గుర్తుపట్టగలదు.

ఒకే దుంపను నమ్ముకొంటే

ఐర్లండు బీదరైతులు పందొమ్మిదవ శతాబ్దం నాటికి పూర్తిగా ఆలుగడ్డ మీదనే ఆధారపడ్డారు. అందులోను ఎక్కువ భాగం 'లంపర్' అనే ఒకే రకం. దుంప ముక్కనే నాటుతారు గనుక పొలంలోని మొక్కలన్నీ ఒకదానికొకటి నకళ్ళు. ఒకదానికి వచ్చిన తెగులు అన్నింటికీ వస్తుంది. 1845లో ఆకుమాడు తెగులు వచ్చినది. 1849 వరకు సాగిన ఆ కరువులో సుమారు పది లక్షలమంది మరణించారు. ఇంకొక పది లక్షలకు పైగా దేశం విడిచిపోయారు. తిండిగింజలు ఆ కాలంలోనే ఓడలకెక్కి ఇంగ్లండు పోతుండటం బాధను ఇంకా పెంచినది. ఆ తెగులు కలిగించే సూక్ష్మజీవికి 1876లో డి బారీ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ఫైటాఫ్తొరా ఇన్ఫెస్టాన్స్ అని పేరు పెట్టాడు.

దీనిని మన అడవి భోజనంతో పోల్చి చూడండి. పోడులో అనేక గింజలు, అడవిలో అనేక దుంపలు, జీలుగ, మామిడి, ఇప్ప. ఒకటి తప్పితే మరొకటి. అడవి భోజనం సమృద్ధమైనదని చెప్పలేము. ఆకలి నెలలు ఉండేవని పైన చూశాము. ఐతే ఒకే తెగులుకు ఊరంతా పస్తుండే స్థితి దానిలో రాదు.

మన అడవిలో ఎందుకు పండదు

పోర్చుగీసువారు పడమటి తీరానికి తెచ్చిన ఈ దుంపకు అక్కడ 'బటాటా' అనే పేరే నిలిచినది. మొదట ఆ మాట చిలగడదుంపకు చెందినది. తరువాత రెండింటికీ వాడారు. పద్దెనిమిదవ శతాబ్దపు చివర, పందొమ్మిదవ శతాబ్దపు తొలిభాగంలో బ్రిటిషువారు చల్లని కొండప్రాంతాలలో దీని సాగును వ్యాపింపజేశారు. నీలగిరులలో 1820 దశకంలో జాన్ సలివన్ ఐరోపా కూరగాయలతోబాటు దీనిని పండించాడు. స్వాతంత్ర్యం తరువాత 1949లో పాట్నాలో కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థ ఏర్పడి 1956లో సిమ్లాకు మారినది. అక్కడినుండి వచ్చిన 'కుఫ్రి' రకాలు మైదానాలకు అనువైనవి. నేడు ఆలుగడ్డ పండించే దేశాలలో చైనా తరువాతి స్థానం మనదే.

ఐనా భద్రాచలం సంతలోని ఆలుగడ్డ లారీ మీద దూరం నుండి రావలసినదే. ఆకులు పగలు తయారుచేసిన చక్కెర రాత్రి వేళ భూమిలోని కాండంలోకి దిగి పిండిగా మారినప్పుడే దుంప ఊరుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెంటిగ్రేడు దాటుతున్న కొద్దీ మొక్క ఆ చక్కెరను శ్వాసక్రియలో ఖర్చుచేసుకొంటుంది. దుంప కట్టడం తగ్గుతుంది. సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న జహీరాబాదు పీఠభూమిలో చలికాలపు పంటగా ఇది పండుతున్నది. గోదావరి లోయలోని భద్రాచలం ఎత్తు యాభై మీటర్లకు అటూ ఇటూ. చలి రోజులు కొద్ది. ఈ నేలకు, ఈ వేడికి అలవాటుపడిన దుంపలు ఆ తీగల క్రింద ఉన్నవే.

పులుసు చేసే విధానం, దాని శాస్త్రం

నలుగురికి పావుకిలో ఆలుగడ్డలు చాలును. పచ్చబారిన గడ్డలను, మొలకెత్తిన వాటిని ఏరివేయాలి. వెలుతురు తగిలిన గడ్డలో పత్రహరితం పుట్టి పచ్చబడుతుంది. ఆ పచ్చదనం హాని చేయదు గాని, దానితోబాటు సోలనిన్ కూడా పెరుగుతుంది. ఇది ఉడికించినా పోని విషం. ఆండీసు అడవి దుంప తన పాత ఆయుధాన్ని పూర్తిగా మరచిపోలేదన్నమాట. అందుకే గడ్డలను చీకటిలో నిలువచేయాలి.

గడ్డలను తొక్క తీసి ముక్కలు చేసి, ఉల్లిముక్కలు, పసుపు, ఉప్పుతో నీటిలో ఉడికించాలి. పదీ పన్నెండు నిమిషాలలో ముక్క మెత్తబడిన తరువాతనే చింతపండు రసం పోయాలి. పులుపు ముందు పోస్తే ముక్క ఉడకదని పెద్దవారు చెబుతారు. అది నిజమే. కూరగాయల కణాలను అతికి ఉంచే జిగురు పదార్థం పెక్టిన్. మామూలు నీటిలో అది వేడికి కరిగిపోయి ముక్క మెత్తబడుతుంది. ఆమ్లం ఉన్న నీటిలో అది త్వరగా కరగదు. తరువాత కారం వేసి మరగనిచ్చి, చెంచెడు బియ్యప్పిండినో జొన్నపిండినో చన్నీటిలో కలిపి పోయాలి. పిండిని నేరుగా వేడి పులుసులో వేస్తే పైపొర వెంటనే ఉబ్బి జిగురై లోపలికి నీరు పోనీయదు; ఉండలు కడుతుంది. పిండి రేణువులు సుమారు 60 డిగ్రీలు దాటిన తరువాత నీరు పీల్చి ఉబ్బుతాయి. పులుసు చిక్కబడటం అదే. చివరకు ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టి దించాలి. ఇష్టమైనవారు చిన్న బెల్లంముక్క వేసుకొంటారు.

ఉపాధ్యాయులు తరగతిలో ఈ ప్రయోగం చేయించవచ్చును. ఒకే పరిమాణంలో కోసిన ఆలుగడ్డ ముక్కలను ఒక గిన్నెలో ఉత్తనీటిలోను, మరొక గిన్నెలో చింతపండు నీటిలోను ఒకే సమయం ఉడికించి, సూదితో గుచ్చి చూడమనండి. తేడా చేతికే తెలుస్తుంది. పచ్చి ఆలుగడ్డను తురిమి గుడ్డలో నీటితో పిండి, ఆ నీటిని తేరనిస్తే అడుగున తెల్లని పిండి దిగుతుంది. దాని మీద అయోడిన్ చుక్క వేస్తే నీలి నలుపు వస్తుంది. జీలుగ పిండిని కొండరెడ్లు రాబట్టే విధానం కూడా ఇదేనని అప్పుడు చెప్పండి.

మిగిలిన పని

ఆలుగడ్డను గురించి పుస్తకాలున్నవి, పరిశోధన సంస్థ ఉన్నది, పాఠ్యపుస్తకంలో బొమ్మ ఉన్నది. ఏ తీగ దుంప తినదగినది, ఏది ఎన్ని రోజులు నానాలి అన్న అడవి విద్య ప్రధానంగా పెద్దల నోటిలోను, చేతిలోను ఉన్నది. అది ఎలా సంపాదించబడినదో ఆలోచించండి. మూడాకుల దుంప విషమని మొదట తెలిసినది ఎవరో తిని పడిపోయినందువల్లనే. ఒకసారి మరచిపోతే తిరిగి నేర్చుకొనడానికి అంతే మూల్యం చెల్లించవలసి వస్తుంది. సగం తెలిసి ప్రయోగించడం మరీ అపాయం. కనుక ఈ వ్యాసం చదివి ఎవరూ అడవి దుంపను తెచ్చి వండబూనరాదు.

ఈ విద్యకు నేడు రెండు వైపుల నుండి ముప్పు ఉన్నది. అడవి దుంపలు పేదరికానికి గుర్తు అన్న చిన్నచూపు ఒకటి. చదువుకొన్న పిల్లలు ఆ మాట ఎత్తడానికి సిగ్గుపడతారు. రెండవది స్థానభ్రంశం. పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా 2014లో అప్పటి ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. వాటిలో కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల కోయ, కొండరెడ్డి గ్రామాలు అనేకం ఉన్నవి. పునరావాస కాలనీకి ఇల్లు తరలివచ్చినట్లు వాగు, కొండవాలు, దాని మీది తీగ తరలిరావు. తీగను చూపి చెప్పవలసిన పాఠం తీగ లేని చోట సాగదు. 2006 నాటి అటవీహక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను పేర్కొన్నప్పుడు వేర్లను, దుంపలను కూడా పేరు పెట్టి చెప్పినది. హక్కు కాగితం మీద ఉన్నది. ఆ దుంపను గుర్తించగలిగే కన్ను కూడా మిగలాలి గదా.

దీనిలో పాఠశాలలు చేయగలిగిన పని ఉన్నది. ఏజన్సీ ప్రాంతపు ఉపాధ్యాయులు విద్యార్థులచేత వారి తాతలను, అవ్వలను అడిగించి ఒక దుంపల పట్టిక రాయించవచ్చును: దుంప పేరు కోయభాషలో, తెలుగులో, కాడకు ఎన్ని ఆకులు, ఏ నెలలో తవ్వుతారు, పచ్చిది తింటే ఏమవుతుంది, ఎన్ని రోజులు, ఎలాంటి నీటిలో నానబెడతారు, దేనితో వండుతారు. ఆకు, తీగ, దుంప బొమ్మలు గీయించి, ఎండబెట్టిన ఆకును అతికించి, చెప్పినవారి ఊరు, తేదీ రాసి పెట్టాలి. దుంపలను తాకే పని పెద్దవారే చేయాలి. పిల్లలు చూసి రాసుకొంటే చాలును. అటువంటి నోటుపుస్తకం ఒక్కొక్క పాఠశాలలో ఒకటి ఉన్నా, రేపటి వృక్షశాస్త్రజ్ఞునికి పని మొదలు పెట్టడానికి ఆధారం దొరుకుతుంది. ఆ పిల్లలకు కూడా తమ అవ్వ వాగులో బుట్ట ఉంచి చేసిన పనికి, తరగతిలో చదివే వ్యాపనం పాఠానికి ఉన్న సంబంధం తెలిసివస్తుంది.